డెంగీలో ప్లేట్‌లెట్ల లెక్కే కాదు, మూత్రం లెక్క కూడా చూడాలి

(రైతు సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ప్రభుత్వ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

గిట్టుబాటు ధరల మీద, పంట బీమా మీద మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీద ఉన్నారు. నన్ను జ్వరాల మీద మాట్లాడమన్నారు. రైతు సంఘం తరగతిలో జ్వరాల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పత్తిలో కలుపు, వరి నాట్లు, ఎరువుల కోసం లైన్లు, అప్పుల కోసం తిరగడం అన్నీ ఆగస్టు నుంచి అక్టోబరు లోపే వస్తాయి. డెంగీ కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. ఇంట్లో ఒక మనిషి పది రోజులు మంచాన పడితే ఆ సీజను ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అదే మనిషికి కిడ్నీలు దెబ్బతిని పట్నం ఆసుపత్రిలో చేరితే, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు రెండు పంటలకు కూడా తీరదు. కాబట్టి ఇది వ్యవసాయం విషయమే.

2023లో మన దేశంలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 2 లక్షల 89 వేల డెంగీ కేసులు నమోదయ్యాయి. ఇవి లెక్కకు వచ్చినవి మాత్రమే. ఊళ్లో కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చినా, ఎలీసా పరీక్షతో నిర్ధారణ అయితేనే సర్కారు లెక్కలో చేరుతుంది. అసలు పరీక్షే చేయించుకోకుండా మందులతో సరిపెట్టుకునేవాళ్లు ఎంతోమంది.

డెంగీ అనగానే ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట, ప్లేట్‌లెట్లు. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని ఫోన్లలో చెప్పుకుంటారు. ఆ మనిషి పొద్దున్నుంచి మూత్రం పోశాడా, ఎన్నిసార్లు పోశాడు, ఏ రంగులో వచ్చింది అని అడిగేవాళ్లు మాత్రం కనిపించరు. ఈ రోజు మీకు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. డెంగీ రోగికి ప్లేట్‌లెట్ల లెక్కతో పాటు మూత్రం లెక్క కూడా రాయాలి. దీనికి ల్యాబు అక్కర లేదు, డబ్బు అక్కర లేదు. ఒక సీసా, ఒక కాగితం చాలు.

కాలువకు గండి పడితే ముందు ఎండేది చివరి ఆయకట్టే

డెంగీలో కిడ్నీ ఎందుకు దెబ్బతింటుందో ముందు చూద్దాం. మన గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అందులో ఐదో వంతు, అంటే దాదాపు లీటరు రక్తం, రెండు కిడ్నీలకే పోతుంది. ఆ రక్తాన్ని వడకట్టి, పనికొచ్చేది వెనక్కి పంపి, చెడును మూత్రంగా బయటికి పంపడం వాటి పని. అంత రక్తం నిరంతరం పారుతుంటేనే ఆ పని జరుగుతుంది. నీళ్లు లేని బావిలో మోటారు ఆడిస్తే ఏమవుతుంది? కాలిపోతుంది. రక్తం అందని కిడ్నీ కూడా అంతే.

డెంగీ వైరస్ ఒంట్లో చేరాక సన్నని రక్తనాళాల గోడలు వదులవుతాయి. రక్తంలోని నీరు ఆ గోడల గుండా కారిపోయి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. కాలువకు గండి పడితే నీళ్లు ఎక్కడికీ పోవు, పక్క పొలంలోనే ఉంటాయి. కానీ చివరి ఆయకట్టుకు అందవు. ఇక్కడా అంతే. నీరు ఒంట్లోనే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం ఉండదు. అందుకే కొందరికి పొట్ట ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది, అదే సమయంలో మూత్రం తగ్గిపోతుంది. రక్తం తక్కువైనప్పుడు శరీరం ముందు గుండెను, మెదడును కాపాడుకుంటుంది. కిడ్నీకి వాటా కోసేస్తుంది.

డెంగీలో కిడ్నీ దెబ్బతినడానికి ఇదే ముఖ్యమైన కారణం. ఇంకొన్ని కూడా ఉన్నాయి. కొందరికి కండరాలు లోపల చితికిపోయి, వాటిలోని ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి కిడ్నీ గొట్టాల్లో అడ్డం పడుతుంది. అలాంటివాళ్లకు తొడలు, పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి ఉంటుంది, మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. కొందరిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ఇదే పరిస్థితి వస్తుంది. అరుదుగా కిడ్నీలోని వడపోత పొరకే వాపు వస్తుంది. ఇక మనం చేతులారా తెచ్చుకునే కారణం ఒకటి ఉంది. అది నొప్పుల మందు. దాని గురించి విడిగా చెబుతాను.

భయపెట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. డెంగీ వచ్చినవాళ్లలో అత్యధికులు వారం పది రోజుల్లో మామూలు మనుషులవుతారు. కిడ్నీ సమస్య ఎక్కువగా తీవ్రమైన డెంగీలోనే వస్తుంది. కానీ వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చే ముప్పు చాలా పెరుగుతుంది. ముందు పసిగడితే చాలావరకు ఆపవచ్చు. పసిగట్టే అవకాశం మొదట దక్కేది డాక్టరుకు కాదు, ఇంట్లో పక్కన కూర్చున్నవాళ్లకు.

జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త పడాలి

డెంగీ మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది జ్వరం దశ, రెండు నుంచి ఏడు రోజులు. ఎడతెగని జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు ఉంటాయి. రెండోది ప్రమాద దశ. ఎక్కువమందిలో మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగే సమయంలో ఇది మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. రక్తనాళాల నుంచి నీరు కారిపోయేది ఈ దశలోనే. మూడోది కోలుకునే దశ. బయటికి పోయిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది, మూత్రం బాగా పోస్తుంది, ఆకలి వేస్తుంది.

మన దగ్గర జరుగుతున్నది ఏమిటి? జ్వరం ఉన్నన్ని రోజులు మనిషి పడుకుంటాడు. ఐదో రోజు ఒళ్లు చల్లబడుతుంది. "జ్వరం పోయింది, మందు కొట్టే పని ఆగిపోయింది" అని లేచి చేను దారి పడతాడు. వాంతులతో నీరు పోయిన ఒంటికి, లోపల రక్తనాళాలు కారుతున్న సమయంలో, ఎండ తోడవుతుంది. సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోతాడు. అందుకే చెబుతున్నాను, డెంగీలో జ్వరం దిగిన తర్వాత రెండు రోజులు మనిషిని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ రెండు రోజులు పొలం పోకూడదు, కూలికి పోకూడదు. కూలి పోతుందన్న బాధ నాకు తెలుసు. ఆ సమయంలో పక్క ఇంటివాళ్లు, సంఘం వాళ్లు ఒక పూట పని అందుకుంటే ఒక ప్రాణం నిలబడవచ్చు.

మూత్రం లెక్క ఎలా చూడాలి

ఇంట్లో డెంగీ అనుమానం ఉన్న మనిషికి ఒక లీటరు సీసా పెట్టండి. మగవాళ్లయితే అందులోనే పోయమనండి. ఆడవాళ్లకు ఒక మగ్గు పెట్టి సీసాలో కొలవండి. కాగితం మీద టైము, సుమారు కొలత, రంగు రాయండి. లేవలేని ముసలివాళ్లు, చిన్న పిల్లలు అయితే ఎన్నిసార్లు పోశారో రాసినా చాలు.

పెద్ద మనిషికి గంటకు ఒక్కో కిలో బరువుకు కనీసం అర మిల్లీలీటరు మూత్రం రావాలి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు, రోజుకు ముప్పావు లీటరుకు అటూ ఇటూ. ఇది కనీసం మాత్రమే. బాగా ఉన్న మనిషికి లీటరు, లీటరున్నర వస్తుంది. ఇంట్లో ఇంత లెక్క కుదరకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారైనా మూత్రం పోయాలి. ఆరు గంటలు దాటినా రాలేదంటే, తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

రంగు కూడా చూడాలి. గడ్డి రంగు, లేత పసుపు మంచిది. ముదురు పసుపు అయితే నీళ్లు చాలడం లేదు. ఎరుపు, డికాక్షన్ రంగు అయితే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మూత్రంతో పాటు చూడాల్సిన ప్రమాద గుర్తులు ఇవి: తగ్గని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆడవాళ్లకు మామూలు కన్నా ఎక్కువ రక్తస్రావం, చేతులు కాళ్లు చల్లబడి చెమట పట్టడం, మనిషి మగతగా ఉండటం లేదా ఊరికే చిరాకు పడటం, ఆయాసం, పొట్ట ఉబ్బడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపాలి.

ఆశా కార్యకర్త దగ్గర గానీ, సబ్ సెంటర్లో గానీ బీపీ చూపించండి. పైఅంకె ఒక్కటే చూసి "వంద ఉంది, బాగానే ఉంది" అనుకోవద్దు. పైఅంకెకు కింది అంకెకు తేడా 20, అంతకన్నా తక్కువ ఉంటే, ఉదాహరణకు 100 మీద 85 ఉంటే, అది షాక్‌కు గుర్తు. కిడ్నీకి రక్తం అందడం లేదని అర్థం.

నొప్పుల సూది తూము మూసేస్తుంది

డెంగీలో ఒళ్లునొప్పులు మామూలుగా ఉండవు. ఎముకలు విరిచినట్టు ఉంటుంది. రేపు నాట్లు ఉన్నాయి, ఒక సూది వేయించుకుంటే లేచి తిరగొచ్చు అనుకుంటాం. ఊరి ఆర్ఎంపీ దగ్గరికి పోతే డైక్లోఫెనాక్ సూది, ఒక స్టెరాయిడ్ సూది, ఒక సెలైన్ బాటిల్ పెడతారు. సాయంత్రానికి ఒళ్లు తేలికవుతుంది. మనిషి సంతోషిస్తాడు. లోపల ఏం జరుగుతుందో చూడండి.

నీళ్లు తగ్గినప్పుడు మీరేం చేస్తారు? తూము బార్లా తెరిచి, ఉన్న నీళ్లను మడిలోకి పారించుకుంటారు. కిడ్నీ కూడా అదే చేస్తుంది. రక్తం తగ్గినప్పుడు తనకు వచ్చే సన్న రక్తనాళాన్ని వెడల్పు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటి నొప్పుల మందులు ఆ నాళం తెరుచుకోకుండా చేస్తాయి. అంటే వంతు నీళ్లు వచ్చే కొద్దిసేపట్లో తూము మూసినట్టు. వీటిలో చాలావాటికి కడుపులో రక్తస్రావం చేసే గుణం కూడా ఉంది. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నప్పుడు కండకు సూది వేస్తే అక్కడ రక్తం గడ్డ కట్టే ప్రమాదం మరొకటి. స్టెరాయిడ్ వల్ల డెంగీలో లాభం లేదు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి సూదులు డెంగీ వైరస్‌ను ఏమీ చేయవు, కిడ్నీకి మాత్రం భారం.

డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు ఒక 500 లేదా 650 మాత్ర, ఆరు గంటలకు ఒకసారి. తొందరపడి రెండేసి మింగితే లివర్ దెబ్బతింటుంది. మధ్యలో తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవాళ్లు, బీపీ మాత్రలు, నీరు దిగే మాత్రలు, షుగర్ మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపనూ వద్దు, కళ్లు మూసుకుని వాడనూ వద్దు. వాంతులు అవుతున్నాయని చెప్పి డాక్టరును అడగండి. ఆ మందుల్లో కొన్ని, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీని ఇబ్బంది పెడతాయి.

ఆర్ఎంపీ మిత్రులను తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వాళ్లే. వాళ్లతో సంఘం తరఫున కూర్చుని మాట్లాడండి. వానాకాలంలో జ్వరం మనిషికి నొప్పుల సూది వేయకూడదని, ప్రమాద గుర్తులు కనిపిస్తే పంపించాలని ఒప్పించండి. సూది కావాలని పట్టుబట్టేది మనమే అని కూడా ఒప్పుకుందాం.

నీళ్లు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

వాంతులు లేని మనిషికి నోటి ద్వారా నీరే మొదటి మందు. పెద్దవాళ్లు రోజుకు రెండున్నర లీటర్లకు తగ్గకుండా, ఒకేసారి కాకుండా గుక్కెడు గుక్కెడుగా తాగాలి. ఉత్త నీళ్లు మాత్రమే కాదు. లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు మంచివి. కూల్‌డ్రింకులు వద్దు. ఎరుపు, నలుపు రంగు పానీయాలు వద్దు. వాంతిలో రక్తం వస్తే గుర్తుపట్టలేం.

ముందు నుంచీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం కూడా ప్రమాదం. వాళ్లకు జ్వరం వస్తే మొదటి రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సెలైన్ సంగతి. "రెండు బాటిళ్లు ఎక్కిస్తే సరిపోతుంది" అనే మాట డెంగీలో చెల్లదు. ప్రమాద దశలో లెక్క ప్రకారం, గంట గంటకూ బీపీ, మూత్రం, రక్తం చిక్కదనం చూసుకుంటూ ఎక్కించాలి. కోలుకునే దశలో కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా బాటిళ్లు ఎక్కిస్తూ పోతే నీరు ఊపిరితిత్తుల్లో నిండుతుంది. కిడ్నీ పని చేయని మనిషికయితే ఆ నీరు పోయే దారే ఉండదు. కాబట్టి సెలైన్ ఊరి అరుగు మీద పెట్టే వైద్యం కాదు.

చీటీలో ఏం చూడాలి

ఆసుపత్రికి పోతే మూడు విషయాలు అడగండి. సీబీపీ పరీక్షలో ప్లేట్‌లెట్ల పక్కనే హెమటోక్రిట్ లేదా పీసీవీ అని ఒక అంకె ఉంటుంది. అది రక్తం చిక్కదనం. మొదటి రోజు 40 ఉన్నది 48 అయిందంటే, ఐదో వంతు పెరిగిందంటే, రక్తంలోని నీరు కారిపోతున్నట్టు. నీరు కారిపోతున్న సంగతిని ప్లేట్‌లెట్ల అంకె కంటే ఇదే నేరుగా చెబుతుంది. అందుకే జ్వరం మొదట్లో చేసిన పరీక్ష చీటీ పారేయవద్దు.

రెండోది క్రియాటినిన్. ఇది కిడ్నీ పనితీరు చెబుతుంది. ఇందులో ఒక మోసం ఉంది. ల్యాబు చీటీలో 1.2 దాకా నార్మల్ అని రాసి ఉంటుంది. సన్నగా ఉండే కూలి మహిళకు మామూలుగా 0.6 ఉండొచ్చు. జ్వరంలో అది 1.1 అయితే చీటీ నార్మల్ అంటుంది. కానీ ఆమె కిడ్నీ మీద దెబ్బ పడింది. వారంలోపు ఒకటిన్నర రెట్లు పెరిగినా, 48 గంటల్లో 0.3 పెరిగినా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క. అందుకే ఒక్కసారి చేస్తే చాలదు, పోల్చి చూడాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారి చేయించుకున్న క్రియాటినిన్ చీటీ దాచుకుంటే ఇలాంటప్పుడు పనికొస్తుంది.

మూడోది జ్వరం ఏమిటన్నది. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేస్తారు. డెంగీ కాదని తేలితే అక్కడితో వదలకూడదు. ఇది రైతులకు మరీ ముఖ్యం. ఎలుకల మూత్రం కలిసిన పొలం నీళ్లలో పగిలిన కాళ్లతో దిగేవాళ్లకు లెప్టోస్పైరోసిస్ రావచ్చు. దాన్ని ఎలుక జ్వరం అంటారు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనపడని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట, చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉండొచ్చు. ఈ రెండూ డెంగీ లాగే మొదలవుతాయి, ప్లేట్‌లెట్లు తగ్గిస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. డెంగీకి వైరస్‌ను చంపే మందు లేదు. కానీ ఈ రెండింటికీ మందు ఉంది. డాక్సీసైక్లిన్ లాంటి తక్కువ ధర మందుతో, సమయానికి మొదలుపెడితే, నయమవుతాయి. "నేను పొలంలో నీళ్లలో పని చేశాను" అని డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగవద్దు.

ప్లేట్‌లెట్లు ఎక్కించడం గురించి ఒక మాట. రక్తస్రావం లేని మనిషికి పదివేలకు దిగువకు పడితే తప్ప ఎక్కించనక్కర లేదని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ప్రమాద దశ దాటాక అవే పెరుగుతాయి. నలభై వేలు ఉన్నాయని భయపడి ప్లేట్‌లెట్ల కోసం అప్పు చేసి పరుగెత్తేవాళ్లు, ఎనిమిది గంటలుగా మూత్రం రాలేదన్న సంగతి గమనించకపోవడం నేను చూస్తూనే ఉన్నాను. బొప్పాయి ఆకు రసం ప్రాణం కాపాడుతుందనడానికి గట్టి రుజువు లేదు. దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి పోవడం ఆలస్యం చేయడమే అసలు నష్టం.

డయాలసిస్ అంటే భయపడవద్దు

"ఒకసారి డయాలసిస్ పెడితే జీవితాంతం పెట్టాలి" అని ఊళ్లలో గట్టి నమ్మకం. ఏళ్ల తరబడి పాడైన కిడ్నీకి అది నిజం కావచ్చు. డెంగీలో అకస్మాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ సంగతి వేరు. ఆ మనిషికి కొన్ని రోజులు, కొన్ని వారాలు మిషన్ ఆ పని చేస్తే, ఈలోగా కిడ్నీ కోలుకుంటుంది. ప్రాణంతో బయటపడినవాళ్లలో చాలామందికి తర్వాత డయాలసిస్ అవసరం ఉండదు. భయపడి సంతకం పెట్టకుండా రెండు రోజులు ఆలోచించడమే ప్రాణం తీస్తుంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. ఏ పథకం కింద ఏది వర్తిస్తుందో డబ్బు కట్టే ముందే అడగండి.

ఇంటికి వచ్చాక కూడా పని అయిపోలేదు. డిశ్చార్జి కాగితం దాచుకోవాలి. డాక్టరు చెప్పిన రోజున, ఎలాగూ మూడు నెలల్లోపు, క్రియాటినిన్, మూత్రం పరీక్ష మళ్లీ చేయించాలి. నడుము నొప్పి వచ్చినా నొప్పుల మాత్ర అడక్కుండా మింగవద్దు. ఒకసారి దెబ్బతిన్న కిడ్నీకి తర్వాత దీర్ఘకాలిక జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి పనిచేసే మన జనానికి ఇది ఇంకా ముఖ్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి రైతులు, కూలీలు దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ జబ్బుతో చనిపోతున్నారు. ఆ పోరాటాల తర్వాత 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అలాంటి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు డెంగీ వస్తే అసలే సగం పనిచేసే కిడ్నీ మీద రెండో దెబ్బ పడుతుంది.

దోమ మన డ్రమ్ములోనే పుడుతోంది

డెంగీ దోమ పగలు కుడుతుంది. మురికి గుంటలో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. వరి మడిలో పెరిగే దోమలు వేరు, అవి వేరే జబ్బులు తెస్తాయి. డెంగీ దోమ ఇంటి ముందు డ్రమ్ములో, కూలర్లో, పాత టైరులో, పశువుల తొట్టిలో, మోటారు దగ్గర మందు కలిపే డ్రమ్ములో, ధాన్యం మీద కప్పిన పట్టా మడతల్లో పుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. అందుకే వారానికి ఒకరోజు, శుక్రవారం డ్రై డే పాటించమంటారు. నీళ్లు పారబోస్తే చాలదు. గుడ్లు అంచుకు అతుక్కుని ఎండలో కూడా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. పొగ కొడితే ఎగిరే దోమ చస్తుంది, డ్రమ్ములోని పురుగు చావదు. జ్వరం మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెడితే ఇంట్లో మిగతావాళ్లకు రాకుండా ఉంటుంది.

అయితే నాలుగు రోజులకొకసారి నల్లా వచ్చే ఊళ్లో డ్రమ్ములు నింపుకోవద్దంటే ఎలా? దోమ బాధ్యత మొత్తం ఇల్లాలి మీద పెట్టి పంచాయతీ చేతులు దులుపుకోవడం కుదరదు. ఇక్కడే సంఘం పని మొదలవుతుంది.

సంఘం ఏం అడగాలి, ఏం చేయాలి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63 రకాల పరీక్షలు ఉచితంగా అందాలని జాతీయ ఆరోగ్య మిషన్ నియమాలు చెబుతున్నాయి. తెలంగాణలో రక్తం నమూనాలు తీసుకుని జిల్లా డయాగ్నస్టిక్ కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. మంచిదే. కానీ డెంగీ ప్రమాద దశ 24 నుంచి 48 గంటలే. రేపు సాయంత్రం వచ్చే రిపోర్టు ఈ రోజు మనిషిని కాపాడదు. కాబట్టి ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీబీపీ, క్రియాటినిన్ అదే రోజు చేసి ఇవ్వాలని అడగండి. ఏరియా ఆసుపత్రుల్లోని డయాలసిస్ మిషన్లలో కనీసం ఒకటి అత్యవసర రోగులకు రాత్రి పూట కూడా అందుబాటులో ఉంచాలని అడగండి. ప్రతి ఆశా కార్యకర్తకు పనిచేసే బీపీ మిషన్, సరిపడా ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇవ్వాలని అడగండి. రోజూ నల్లా నీళ్లు, మురుగు కాలువలకు నిధులు గ్రామసభలో అడగండి. ఇవి అడగడానికి సంఘం కంటే తగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

మన చేతుల్లో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. ప్రతి ఊరి కమిటీ ఇద్దరికి, అందులో ఒకరు మహిళ అయ్యేలా, ఈ జ్వరాల పని అప్పగించండి. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా వాళ్లు మూడో రోజు నుంచి ఆ ఇంటికి పోయి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశారు? ఏ రంగు? నొప్పుల సూది, మాత్ర ఏమైనా తీసుకున్నారా? వాంతి, కడుపునొప్పి ఉందా? జవాబులు కాగితం మీద రాసి, ఆసుపత్రికి పోతే ఆ కాగితం డాక్టరు చేతికి ఇవ్వండి. మా దగ్గరికి వచ్చే చాలామంది "మూడు రోజుల నుంచి జ్వరం సార్" అని తప్ప ఇంకేమీ చెప్పలేరు. ఆ నాలుగు జవాబులు ఉంటే, ఏ పరీక్ష ముందు చేయాలో, ఎవరిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో మాకు ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

చేనులో తెగులు వస్తే ఆకు పూర్తిగా ఎండేదాకా ఎవరూ ఆగరు. రోజూ గట్టు మీద నడుస్తారు కాబట్టి మొదటి మచ్చనే పట్టుకుంటారు. మనిషి విషయంలో కూడా ఆ కన్ను పెట్టమని కోరుతున్నాను.